పూల జాలీ పాడైంది, ఇక ఏఐ కోర్సే దిక్కా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా చేశాడు. గాజువాక దగ్గర ఒక లేజర్ కటింగ్ షాపులో డ్రాయింగులు వేసే పనికి చేరి ఏడు నెలలైంది. గేట్లకు, పూజగది తలుపులకు పూల డిజైన్లు గీస్తాడు. కంప్యూటర్‌లో నున్నగా కనిపించే వంపులు షీటు మీద పలకలు పలకలుగా వస్తున్నాయట. మొన్న ఒక స్టీల్ షీటు పాడైతే ఓనరు అందరి ముందూ తిట్టాడు. "నాకీ పని రాదమ్మా, హైదరాబాద్ వెళ్లి నాలుగు నెలల ఏఐ కోర్సు చేస్తా" అంటున్నాడు. బీటెక్ కంప్యూటర్స్ చదివిన మా అక్క కొడుకు అదే కోర్సు చేసి ఉద్యోగంలో చేరాడు. "అన్నయ్యను చూసి నేర్చుకో" అని నేనూ అన్నాను. రెండిట్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి.
– ఒక తల్లి, అనకాపల్లి

జవాబు: అమ్మా, మీరు పోలిక అడిగారు. చదువుతుంటే మాత్రం ‘మావాడు దేనికీ పనికిరాడేమో’ అన్న దిగులే నాకు ఎక్కువగా వినిపించింది. ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తాయి. షాపు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, దిగులు మాత్రం ఇదే. అందుకని ముందు ఆ షీటు సంగతి చూద్దాం.

డిప్లొమాలో ఆటోక్యాడ్ అనే డ్రాయింగు సాఫ్ట్‌వేర్ నేర్పుతారు. గీయడం, ప్రింటు తీయడం, మార్కులు వేయించుకోవడం, అంతటితో సరి. ఆ గీత వెంట మెషీన్ నడవాలంటే ఏం కావాలో చాలా ల్యాబుల్లో చూపించరు. పూరేకు వంపును సాఫ్ట్‌వేర్ స్ప్లైన్‌గా, అంటే కొన్ని బిందువుల ఆధారంగా లెక్కగట్టే నున్నటి వంపుగా దాచుకుంటుంది. చాలా కటింగ్ మెషీన్లకు అర్థమయ్యేవి సరళరేఖ, వృత్తంలో ముక్క, అంతే. షాపులో సరళరేఖను జీ1 అని, వృత్తపు ముక్కను తిరిగే దిశను బట్టి జీ2, జీ3 అని అంటారు. అందుకే డ్రాయింగును దాచి పంపే డీఎక్స్ఎఫ్ ఫైలు మెషీన్‌కు చేరేలోపు ఎక్కడో ఒకచోట స్ప్లైన్ ముక్కలు కావాల్సిందే. ముక్కలు పెద్దవైతే అంచు పలకలు తేలుతుంది. మరీ చిన్నవైతే వేల గీతలు పోగుపడి, కటింగ్ హెడ్ తడబడుతూ నెమ్మదిస్తుంది. అక్కడ వేడి ఎక్కువై అంచు కాలుతుంది. ఈ పనిలో చేరిన కొత్తవాళ్లు దాదాపు అందరూ ఇక్కడే తగులుకుంటారు.

కింది రెండు పేరాలు మీవాడికి చూపించండి.

బాబూ, ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకో. పంపిన డీఎక్స్ఎఫ్‌ను లిబ్రేక్యాడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ తెరిచి, వంపును ఎంచి, అది స్ప్లైనో పాలీలైనో (గీతలను వరుసగా కలిపిన గొలుసు) చూడు. పెద్ద పెద్ద ముక్కల పాలీలైన్ అయితే తప్పు ఎక్స్‌పోర్టులోనే ఉంది. స్ప్లైన్ స్ప్లైన్‌గానే ఉంటే, కటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టాలరెన్స్, అంటే అసలు వంపు నుంచి ఎంత తేడా పోనివ్వచ్చో ఆ కొలత, ఎంత పెట్టారో చూడాలి. మామూలు గుండ్రం కోసినా కోలగా వస్తుంటే మెషీన్‌లోనే ఏదో వదులైందేమో అని అనుమానించు. ఆ మాట ఓనరుకు ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పు. ఆటోక్యాడ్‌లో పెడిట్ కమాండ్‌తో స్ప్లైన్‌ను పాలీలైన్‌గా మార్చుకోవచ్చు. సాలిడ్‌వర్క్స్‌లో అయితే డీఎక్స్ఎఫ్ ఎక్స్‌పోర్ట్ ఆప్షన్లలోనే ఆ వీలుంది. పాత ఆర్12 ఫార్మాట్‌లో స్ప్లైన్ అనేదే లేదు కాబట్టి అందులో సేవ్ చేస్తే ముక్కలు వాటంతటవే అవుతాయి. ఎంత పెద్ద ముక్కలయ్యాయో మాత్రం చూసుకోవాలి. పూల జాలీకి 0.05 మిల్లీమీటర్ల తేడా ఎవరి కంటికీ ఆనదు, అంతకంటే సన్నగా నరకడం దండగ. అన్నిటికన్నా మేలైన పని, పూరేకులను మొదటినుంచీ ఆర్కులతోనే, అంటే వృత్తపు ముక్కలతోనే గీయడం.

పంపేముందు ఆటోక్యాడ్‌లో ఓవర్‌కిల్ కమాండ్ కొట్టు, మీద మీద పడ్డ గీతలను అది తీసేస్తుంది. ఒకదాని మీద ఒకటి పడ్డ గీతలు మిగిలితే మెషీన్ అదే దారిలో రెండుసార్లు కోస్తుంది. చివరలు కలవని చోట పెడిట్‌లో జాయిన్ చెయ్యి. ఆకారం ఎక్కడ తెరుచుకుని ఉన్నా, ఏది లోపలో ఏది బయటో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, లేజర్ కోతకు పోయే మందాన్ని ఎటు వదలాలో తేల్చుకోలేదు. బొమ్మ 25.4 రెట్లు పెరిగినా తగ్గినా అంగుళాలు, మిల్లీమీటర్లు తారుమారయ్యాయన్నమాట. షీటు ఎక్కించేముందు తుక్కు ముక్క మీద ఒక్క పూరేకు కోసి చూడు. ఓనరు టైము వేస్టు అన్నా సరే.

అమ్మా, ఇప్పుడు మీతో. కొంచెం కటువుగానే చెబుతాను. షాపులో అందరి ముందూ మాటపడి ఇంటికొచ్చిన పిల్లాడికి, ఇంట్లో "అన్నయ్యను చూడు" అన్న మాట ఇంకో దెబ్బ. ఓనరుకు షీటు పోయింది, ఆయన కోపానికి కారణముంది. మీకేం పోయిందని? పైగా ఆ అన్నయ్య నాలుగేళ్లు కంప్యూటర్స్ చదివి, ఆపైన ఆ కోర్సు చేశాడు. ఉద్యోగం ఇప్పించింది ఆ నాలుగు నెలలేనని మీరెలా అనుకున్నారు?

ఏఐ మీద నాకు పేచీ లేదు. నాలుగు నెలల్లో ఏఐ ఇంజినీరును చేస్తామనే బోర్డుల మీదే నా అనుమానం. ఆ పని లోతుగా రావాలంటే ప్రాబబిలిటీ, మాట్రిసెస్ గట్టిగా ఉండాలి, ప్రోగ్రామింగ్ చేతికి అలవాటైపోవాలి. కోర్సు అయ్యాక డిప్లొమా కుర్రాడు నిలబడేది బీటెక్ కంప్యూటర్స్ వాళ్లున్న వరుసలోనే. ఫీజు కట్టేముందు ఆ సంస్థను ఒక్కటి అడగండి: పోయిన బ్యాచ్‌లో మెకానికల్ డిప్లొమాతో వచ్చి ఉద్యోగం తెచ్చుకున్న ఇద్దరితో మాట్లాడించగలరా అని. నాన్చితే మీకు జవాబు దొరికినట్టే. ఫీజుకు తోడు హాస్టలు ఖర్చు, ఆ నెలల జీతం కూడా లెక్కేసుకోండి.

షాపు పనిలో మొదట్లో జీతం తక్కువే, ఆ మాట దాచను. అయితే గీయడమూ కోయించడమూ రెండూ తెలిసినవాడిని ఓనర్లు తొందరగా వదులుకోరు. అచ్యుతాపురం దగ్గర పూడిలో ఎంఎస్ఎంఈ టెక్నాలజీ సెంటర్ మీకు దగ్గరే. హైదరాబాద్ బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. క్యాడ్ (కంప్యూటర్‌లో గీయడం), క్యామ్ (ఆ గీతతో మెషీన్‌ను నడపడం) చిన్న కోర్సులు ఏవి నడుస్తున్నాయో రెండుచోట్లా కనుక్కోండి. డిప్లొమావాళ్లు నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరే ఈసెట్ పరీక్ష సంగతి మీకు తెలిసిందే, ఆ దారీ మూసుకుపోలేదు. నిజంగా కోడింగ్ మీద మనసుంటే ఆటోక్యాడ్‌లోనే ఉండే ప్రోగ్రామింగ్ భాష ఆటోలిస్ప్‌తో మొదలుపెట్టమనండి. తెరుచుకున్న ఆకారాలను, రెండుసార్లు పడ్డ గీతలను వెతికే చిన్న ప్రోగ్రాం తనే రాసుకోవచ్చు. అది బాగా నచ్చితే అప్పుడు పైథాన్, ఆ తర్వాత ఏఐ మాట. మీరడిగిన పోలికకు ఇంతకన్నా జాగా ఇవ్వలేను, ఎందుకంటే వాడు ఈ పనిని ఇంకా సరిగ్గా చేసి చూడనేలేదు.

ఇంకో నాలుగు నెలలు, అంటే ఆ కోర్సుకు పట్టే కాలమే, ఇక్కడ ఉండనివ్వండి. అప్పటికీ వద్దంటే ఈసారి ఉత్తరం మీవాడినే రాయమనండి. మళ్లీ షీటు పాడై ఉంటే ఆ డీఎక్స్ఎఫ్ ఫైలు కూడా జతచేయమనండి, చూస్తాను.