పిలకలు ఆగట్లేదు, వంచితే విరిగింది: క్విన్స్ బోన్సాయ్ మీద మీ ప్రశ్నలు

ఈసారి ఉత్తరాల్లో నాలుగు ఒకే మొక్క గురించి ఉన్నాయి కాబట్టి అన్నీ ఒకచోట చేర్చాను. ఫ్లవరింగ్ క్విన్స్ అంటే చలికాలం వెళ్ళిపోతుండగా ఇంకా ఆకు కూడా రాకముందే ఉత్త మోడు కొమ్మల మీద ఎర్రగా, గులాబీగా పూసే ముళ్ళపొద. జపాన్ వాళ్ళు బొకె అంటారు. మొదటి ఉత్తరానికే ఎక్కువ జాగా ఇచ్చాను, ఎందుకంటే ఆ అమ్మాయి పడుతున్న పాట్లన్నీ నేనూ పడ్డాను.

ప్రశ్న: ఆంటీ నమస్తే. మేము నార్త్ కరోలినా, కేరీలో ఉంటాం. మార్చిలో నర్సరీలో పూలతో చూసి మనసాగక ఒక గాలన్ కుండీలో ఉన్న ఎర్రపూల క్విన్స్ కొన్నాను. అడుగున్నర ఎత్తు, మొదట్లోంచి తొమ్మిది కర్రలు లేచాయి, నిండా ముళ్ళు. నాకేమో ఒకే మానుతో పెద్ద చెట్టులా కనపడే బోన్సాయ్ కావాలి. లావుపాటిది ఒక్కటి ఉంచి మిగతావి తీసేద్దామని ముందు రెండు కొట్టాను, నెల తిరక్కుండా అక్కడ ఐదు పిలకలొచ్చాయి. ఇంకో కొమ్మకి వైర్ చుట్టి వంచబోతే టప్పున విరిగింది. అప్పట్నించీ ముట్టుకోవాలంటే భయంగా ఉంది. ఏం చేయాలి, ఏ నెలలో చేయాలి?
– పాఠకురాలు, కేరీ

జవాబు: ముందు ఆ భయం తీసేయండమ్మా, మీ మొక్కకి ఏమీ కాలేదు, ఐదు పిలకలు వేసిందంటే వేర్లలో బోలెడు బలం ఉందన్నమాట. అసలు సంగతేంటంటే ఈ మొక్క స్వభావం మనకి తెలిసిన చాలా చెట్లకి తిరగబడి ఉంటుంది. మామిడిలోగానీ పైన్‌లోగానీ బలమంతా పైకి పోతుంది, అందుకే పైన గిల్లుతాం. క్విన్స్ పొద కదా, దీని బలమంతా అడుగున ఉంటుంది, మీరు కింద పట్టించుకోకుండా వదిలేస్తే పిలకలు, కింది కొమ్మలు లావెక్కుతూ పోతాయి, పైవి పీలగా అయ్యి ఒకరోజు ఎండిపోతాయి. కాబట్టి కత్తెర ఎప్పుడూ కింద గట్టిగా, పైన మెత్తగా ఆడాలి. ఇదొక్కటి గుర్తుంటే సగం పని అయినట్టే.

ఇక ఒకే మాను విషయం. నేనుండేది వర్జీనియాలో, మీ వాతావరణానికి దగ్గరే. నా మొదటి క్విన్స్‌ని ఆరేళ్ళు ఒకే మాను మీద ఉంచాలని పట్టుబట్టాను, వారం వారం కూర్చుని పిలకలు తీసేదాన్ని. ఆరేళ్ళకి ఆ మాను నా బొటనవేలంత కూడా కాలేదు. ఒక జూలైలో మూడు వారాలు విజయవాడ వెళ్ళాల్సొచ్చింది, మావారు నీళ్ళు మాత్రం ఒక్కరోజు తప్పకుండా పోశారు. తిరిగొచ్చి చూస్తే చుట్టూ పిలకలు మోకాలెత్తు లేచాయి, ఆరేళ్ళ కష్టంతో చేసుకున్న పైకొమ్మ గోరుతో గీకితే లోపల పచ్చదనం లేదు, గోధుమరంగు. ఆ రోజు చాలా బాధపడ్డాను. కానీ ఆ పిలకల్లోంచే నాలుగు ఉంచాను, ఇవాళ మా పెరట్లో అందరూ ఆగి చూసేది ఆ గుబురునే.

అందుకే నా సలహా, గుబురుగానే చేయండి. ఒకే వేరు మొదట్లోంచి ఐదో ఏడో కాండాలు లేచినట్టు చేసే పద్ధతిని జపాన్ వాళ్ళు కాబుదాచి అంటారు, ఈ మొక్కకి ప్రాణం పోసినట్టు సరిపోయేది అదే. మీ దగ్గర ఉన్నవాటిలోంచి ఐదు ఎంచుకోండి. లావుపాటిది అన్నిటికన్నా ఎత్తుగా ఉండాలి, సన్నది పొట్టిగా, మిగతావి వాటి మధ్య. పైనుంచి తల వంచి చూడండి, ఏ మూడూ క్యూలో నిలబడ్డట్టు ఒకే వరసలో ఉండకూడదు, లోపలికి తిరిగి ఒకదాన్నొకటి రాసుకునేవి తీసేయాలి. తీసేవాటిని మట్టి పైన కోసి వదిలేస్తే అదే మీకు జరిగిన ఐదు పిలకల కథ మళ్ళీ వస్తుంది, కాబట్టి మట్టి కాస్త పక్కకి తోసి, పుట్టినచోట నుంచి మొదలంటా తీసేయండి. వేరుతో వచ్చిన పిలకని పారేయకండి, చిన్న కుండీలో పెడితే ఇంకో మొక్క.

వంచడం గురించి. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ దీనికి మొక్క కూడా లేటే, చిగురుగా ఉన్నప్పుడే వంగాలి. కిందటేడాది కొమ్మ అప్పటికే పుల్లలా గట్టిపడిపోయి ఉంటుంది, మీకు విరిగింది అదే అయ్యుంటుంది. మే చివర, జూన్‌లో ఈ ఏడాది రెమ్మలు పచ్చరంగు వదిలి కొంచెం ఎర్రబారుతుంటాయి చూడండి, పెన్సిల్ లోపలి ములుకంత లావుండే ఆ టైమ్‌లో ఒక మిల్లీమీటర్ అల్యూమినియం వైర్ వదులుగా చుట్టి వంపు తిప్పండి. రెమ్మ కాండానికి అతుక్కున్న మూలలో మాత్రం రెండో చేతి బొటనవేలు ఆనించి పట్టుకోవాలి, చీలేది ఎప్పుడూ అక్కడే. ఆరు వారాలకి ఒకసారి చూసి, వైర్ బెరడులో దిగుతోందనిపిస్తే ముక్కలుగా కత్తిరించి తీయండి, తిప్పి తీయబోతే మొగ్గలు రాలిపోతాయి. నిజం చెప్పాలంటే నేను వైర్ వాడేది మొదటి వంపుకి మాత్రమే, మిగతా షేప్ అంతా కత్తెరతోనే వస్తుంది. కొమ్మని పొడుగ్గా పోనిచ్చి, ఎటు తిరగాలో అటు చూస్తున్న కణుపు దగ్గర కోస్తే కొత్త చిగురు అటే పోతుంది, రెండు మూడు సార్లు అలా చేస్తే ఏ వైరూ ఇవ్వలేని గరుకైన మలుపులొస్తాయి.

ఎప్పుడు కోయాలి అంటే, పూలు రాలాక. మీకు అది ఏప్రిల్ అవుతుంది. కిందటేడాది రెమ్మల్ని కింద అయితే ఒకటి రెండు కణుపులకి, పైన అయితే మూడు నాలుగు కణుపులకి కోయండి. ఆ తర్వాత వచ్చే చిగుళ్ళని వెంటనే గిల్లకండి, ఆరేడు ఆకులు వేసి కాస్త గట్టిపడనివ్వండి, అప్పుడు రెండాకులకి కోయొచ్చు, లావు కావాల్సిన కాండం మీదవైతే వేసవంతా వదిలేయండి. వచ్చే ఏటి పూలమొగ్గలు వేసవిలోనే తయారవుతాయి, పాత చెక్క మీద, పొట్టి పుల్లల దగ్గర. చాలామంది జనవరిలో ఖాళీగా ఉన్నాం కదా అని నున్నగా కత్తిరించి, మార్చిలో పూలు రాలేదని ఉత్తరం రాస్తారు. ఆకు రాలాక దగ్గరకి తెచ్చి చూడండి, గుండ్రంగా ఆవగింజల గుంపులా ఉబ్బినవి పూలవి, సన్నగా కొమ్మకి అతుక్కున్నవి ఆకువి. ముళ్ళు కూడా అంతే, మొత్తం గీకేయొద్దు, చేతికి గుచ్చుకునే మొన మాత్రం తుంచండి, ఆ పొట్టి ముళ్ళపుల్లలే తర్వాత పూస్తాయి. కాయలు పడితే ఈ రెండు మూడేళ్ళు తీసేయండి, సన్న కొమ్మ మీద నిమ్మకాయంత కాయ మోయించడం అన్యాయం.

కుండీ మార్చడం మాత్రం మిగతా బోన్సాయ్‌ల లాగా వసంతంలో చేయకండి, దీనికి సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ దాకా మంచిది. కారణం ఉంది, ఈ మొక్క వేర్లకి క్రౌన్ గాల్ అనే బాక్టీరియా జబ్బు తొందరగా పడుతుంది, వేరు కోసిన గాయంలోంచి లోపలికి పోయి గరుకు బుడిపెలు కట్టిస్తుంది, మట్టి వెచ్చబడే కాలంలో దాని జోరు ఎక్కువ, చల్లబడే కాలంలో తక్కువ. కుండీ లోంచి తీయగానే వేర్లు కడిగి చూడండి, శనగగింజ లాంటి బుడిపెలుంటే ఆ వేరు కోసేసి, ఒక్కో కోతకీ కత్తెర ఆల్కహాల్‌తో తుడవాలి. బుడిపె కాండం మొదట్లోనే ఉంటే ఆ మొక్క మీద ఆశ వదులుకోవడం మేలు, పక్క కుండీలకి పాకుతుంది. మొదటిసారికి వేర్లలో మూడో వంతుకి మించి తీయకండి. మట్టికి అకడామా (జపాన్ నుంచి వచ్చే గట్టి బంకమట్టి గుళికలు) రెండు పాళ్ళు, ప్యూమిస్ అనే తేలికైన నురుగురాయి ఒకటి, లావా రాయి ముక్కలు ఒకటి. మీ పెరట్లో మన ఊరిని గుర్తుచేసే ఎర్రమట్టి ఉంటుంది, అది మాత్రం కుండీలో వేయొద్దు, ఇటుకలా బిగుసుకుపోతుంది. అందమైన పింగాణీ తొట్టి కూడా ఇప్పుడే వద్దు, వెడల్పుగా లోతు తక్కువగా ఉండే మామూలు ప్లాస్టిక్ ట్రైనింగ్ పాట్‌లో నాలుగైదేళ్ళు పెరగనివ్వండి.

నీళ్ళు మాత్రం ఎండగట్టకూడదు, ఆగస్టులో ఒక్క మధ్యాహ్నం పూర్తిగా ఎండితే ఆకు మొత్తం రాల్చేస్తుంది. ఎండ బాగా కావాలి. చలికాలంలో బయటే ఉండాలి, హాల్లో టీవీ పక్కన పెట్టాలనిపిస్తుంది గానీ పెట్టకండి, పూసిన నాలుగు రోజులు చల్లగా ఉన్న గదిలో పెట్టుకుని చూసుకోండి చాలు. బాగా గడ్డకట్టే రాత్రులు కుండీని మల్చ్‌లో, అంటే నేల మీద పరిచే చెక్కపొట్టులో పాతిపెట్టండి, చలికి కొమ్మలు తట్టుకుంటాయి, కుండీలో వేర్లే తట్టుకోలేవు.

ఇంకోటి. ముళ్ళు లేని రకాలు కూడా ఉన్నాయి, మీ రాష్ట్రంలోనే నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో టామ్ రానీ గారు తయారుచేసిన డబుల్ టేక్ రకాలు, ముల్లుండదు, కాయ కాయదు. పెరట్లో నాటుకోవడానికి చాలా బాగుంటాయి గానీ ముద్దపూలు పెద్దవి, అరడుగు చెట్టుకి నప్పవు. రెండో మొక్క కొనాలనిపిస్తే చోజుబాయ్ అనే పొట్టి క్విన్స్ రకం అడగండి, ఆకు చిటికెనవేలి గోరంత, చిన్న వయసులోనే బెరడు ముసలి చెట్టులా గరుకు తేలుతుంది, ఏడాదిలో అప్పుడప్పుడూ పూస్తూనే ఉంటుంది. పెరగడం మాత్రం నత్తనడక. వీలైతే ఒక శనివారం ఆష్‌విల్ వెళ్ళి నార్త్ కరోలినా ఆర్బొరేటమ్‌లో 2005లో తెరిచిన బోన్సాయ్ గార్డెన్ చూసిరండి, ఎక్కువ కాండాల చెట్లు కనపడినప్పుడు వాటి మొదళ్ళ దగ్గర కూర్చుని ఎవరు ఎటు వంగారో చూడండి, ఫోటోల్లో అది తెలీదు.

ప్రశ్న: మేడమ్, మాది హైదరాబాద్, కొంపల్లి. మేడ మీద తోట ఉంది. జపాన్ బొకె ఫోటోలు చూశాక ఆన్‌లైన్‌లో విత్తనాలు తెప్పిద్దామనుకుంటున్నాను. మన దగ్గర వస్తుందా? యునానీ షాపులో దొరికే బిహిదానా క్విన్స్ గింజలే అంటున్నారు, అవి నాటొచ్చా?
– పాఠకుడు, హైదరాబాద్

జవాబు: వద్దండి, డబ్బులు దండగ. ఈ మొక్కకి చలికాలంలో వందల గంటలు 7 డిగ్రీల దాకా పడిపోయే చలి కావాలి, అప్పుడే నిద్రలేచి పూస్తుంది. మనకి తెల్లవారుజామున నాలుగు రోజులు వణికితే అదే గొప్ప. బిహిదానా క్విన్స్ గింజే, నిజమే, కానీ అది పండు కోసం పెంచే క్విన్స్, కాశ్మీర్ వైపు కాసేది, ఈ పూల క్విన్స్‌కి చుట్టమే గానీ ఇదీ అదీ ఒకటి కాదు, దానికీ చలి కావాలి.

మీరు దానిమ్మ పెట్టండి. ఊరికే సర్దిచెప్పడానికి అనట్లేదు, జపాన్‌లో కూడా దానిమ్మ ఎప్పట్నించో పేరున్న బోన్సాయ్ చెట్టు. ఎర్రపువ్వు ఉంది, ముల్లు ఉంది, మొదట్లోంచి పిలకలు వేసే అలవాటూ అచ్చం అదే. అనంతపురం వైపు తోటల్లో చూడండి, మొదట్లో మూడు నాలుగు కాండాలు ఉంచి మిగతా పిలకలు తీసేస్తుంటారు, మీరు చేయాల్సిందీ అదే, కాకపోతే కుండీలో. రైతులు కత్తిరింపులు చేసే టైమ్‌లో వేలంత కొమ్మలు అడిగి తెచ్చుకుంటే ఇసుక కలిపిన మట్టిలో సులువుగా వేరు పోస్తాయి. ఒక్క తేడా గుర్తుంచుకోండి, దానిమ్మ పూసేది కొత్త రెమ్మల చివర్న. పై చెల్లెమ్మకి చెప్పినట్టు కోస్తూ పోతే పువ్వు కనపడదు, కాబట్టి ఫిబ్రవరిలో చిగురించే ముందు ఒక్కసారి గట్టిగా కోసి, ఆ తర్వాత పూలు వచ్చేదాకా చివర్లు గిల్లకండి.

ప్రశ్న: ఎడిసన్, న్యూజెర్సీ నుంచి. నా క్విన్స్ లేత కొమ్మల మీద, కాయల మీద నారింజరంగు పొడి వస్తోంది. పక్కనే రెండు జూనిపర్ బోన్సాయ్‌లున్నాయి. వాటివల్లేనా?

జవాబు: అయ్యుండొచ్చు. అది తుప్పు తెగులు, ఈ బూజు సగం జీవితం జూనిపర్ మీద, సగం క్విన్స్, ఆపిల్ లాంటి వాటి మీద గడుపుతుంది. వసంతంలో వాన పడ్డాక మీ జూనిపర్ కొమ్మల మీద నారింజ జిగురులా ఏమైనా ఉబ్బిందేమో చూసి, ఉంటే ఆ కొమ్మ కోసి చెత్తలో వేయండి, కంపోస్ట్‌లో కాదు. క్విన్స్ మీద పొడి పట్టిన భాగాలూ అంతే. కుండీలు నాలుగడుగులు దూరం జరిపితే లాభం లేదు, గాలిలో చాలా దూరం పోతుంది, చుట్టుపక్కల రెడ్ సీడర్ చెట్లున్నా వస్తుంది, పేరుకి సీడర్ గానీ అదీ జూనిపరే. ఏటా వస్తుంటే పూత టైమ్‌లో ఏ మందు కొట్టాలో మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో (తోట, పంటల సలహాలిచ్చే ప్రభుత్వ ఆఫీసు) అడగండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా. ఎరువు పెంచినా తగ్గట్లేదు.

జవాబు: ఎరువు ఆపేయండి. మీ కుళాయి నీళ్ళలో సున్నం ఎక్కువ, దాంతో మట్టిలో ఇనుమున్నా మొక్క తీసుకోలేదు. కీలేటెడ్ ఐరన్ అని మొక్క తేలిగ్గా తీసుకునే ఇనుము మందు దొరుకుతుంది, అందులో హైపీహెచ్ మట్టికి, అంటే సున్నం ఎక్కువున్న మట్టికి పనికొచ్చేది తెచ్చి, ప్యాకెట్ మీద రాసినంతే ఇవ్వండి. వాన పడ్డప్పుడు పైకప్పు గొట్టం కింద డ్రమ్ము పెట్టుకుని వారానికి రెండుసార్లైనా ఆ నీళ్ళు పోయండి. పసుపైన ఆకులు మళ్ళీ పచ్చబడకపోవచ్చు, మీరు చూడాల్సింది కొత్త చిగురు రంగు.