ఎండాకాలంలో పెరట్లోని పాత వేప మొద్దును తీయడం ఎలా?

వరంగల్ మే ఎండకు నేల బిగుసుకుపోతుంది. పొడి మట్టిలో గడ్డపార దించబోతే చేతులు బొబ్బలెక్కడమే మిగులుతుంది. ముందురోజు సాయంత్రమే మొద్దు చుట్టూ మూరెడు దూరంలో గాడి తీసి, నిండా నీళ్లు పట్టించండి. తెల్లవారుజామున మట్టి తోడి, పక్కవేళ్లను గొడ్డలితో ఒక్కొక్కటే నరకండి. మట్టి అంటిన వేరు మీద వేటు వేస్తే గొడ్డలి పదును పోతుంది, కడిగాకే కొట్టండి. మొద్దు కదలడం మొదలయ్యాక తల్లివేరు సంగతి చూడవచ్చు. ఎండ ముదరకముందే పని ఆపేయండి.

నిప్పు మాత్రం పెట్టకండి. ఎండిన వేళ్లు నేల లోపల రోజుల తరబడి రగులుతూనే ఉంటాయి. తొందర లేకపోతే మొద్దుకు లోతుగా రంధ్రాలు చేసి, యూరియా నింపి, తడి ఆరనివ్వకుండా మట్టి కప్పండి. కుళ్లడానికి నెలలు పడుతుంది. వేరులో ప్రాణం ఉంటే వేప మళ్లీ చిగురిస్తుంది, మొండిది!