ఫిలిప్పీన్స్ వాళ్ల ఇంటిపేర్లన్నీ స్పానిష్‌లో ఎందుకుంటాయి? వాళ్లకంటూ సొంత సంస్కృతి లేదా?

ప్రశ్నలో మొదటి సగానికి జవాబు చిన్నదే. 1849లో స్పెయిన్ గవర్నర్ జనరల్ నార్సిసో క్లవేరియా ఉత్తర్వు వేసి ఇంటిపేర్లు పంచిపెట్టాడు, అందుకే. రెండో సగం చదవగానే మాత్రం ఒళ్లు మండింది. కువైట్‌లో నర్సుగా చేసిన రోజుల్లో ఇదే మాట మనవాళ్ల నోట ఎన్నోసార్లు విన్నాను. "పేర్లు స్పెయిన్‌వి, చదువు అమెరికాది, ఇంక వాళ్లదంటూ ఏముంది?" అని. వాళ్లతో ఒకే క్వార్టర్స్‌లో ఉండి, ఒకే పొయ్యి మీద వండుకు తిన్నదాన్ని కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మా క్వార్టర్స్‌లో అందరికన్నా పెద్దామెను మిగతా ఫిలిపీనో అమ్మాయిలు "ఆతే" అనేవాళ్లు, అంటే అక్క. నేనూ అలాగే పిలిచేదాన్ని. లుజోన్ ద్వీపంలో మయోన్ అగ్నిపర్వతం ఉన్న ఆల్బే ప్రావిన్స్ ఆమెది, ఊరు ఓవాస్. ఆమె మంచం పక్కన ఎప్పుడూ ఒక పెద్ద అట్టపెట్టె ఉండేది. విదేశాల్లో ఉన్నవాళ్లు సామాను నింపి ఇంటికి పంపే ఆ పెట్టెను బాలిక్‌బాయన్ బాక్స్ అంటారు. జీతం పడినప్పుడల్లా అందులో ఏదో ఒకటి చేరేది. ఓడలో వెళ్తుంది కనుక క్రిస్మస్‌కు అందాలంటే అక్టోబరులోనే పంపేయాలి.

అలా ఒక అక్టోబరు రాత్రి డ్యూటీ లేనివాళ్లమంతా పెట్టె సర్దడానికి కూర్చున్నాం. మార్కర్‌తో పేర్లు రాయడం నా పని. ఆతే నోట్‌బుక్ చూసి ఒక్కొక్కటే చెబుతోంది. కార్న్‌డ్ బీఫ్ డబ్బాలు మేనత్తకు. సబ్బులు, షాంపూలు వదినకు. బూట్లు మేనల్లుడికి, వాటి లోపల ఖాళీ ఎందుకు వదలాలని చాక్లెట్లు కుక్కింది. తనకు పురుడు పోసిన మంత్రసానికి తువ్వాళ్లు, చిన్నప్పుడు చదువు చెప్పిన టీచరుకు చేతి గడియారం. చుట్టాలు కానివాళ్ల పేర్లు కూడా అన్నీ ఆర్ అక్షరంతోనే మొదలవుతున్నాయి. ఎందుకని అడిగాను. ఆతే చేతిలో టేపు పక్కన పెట్టి చెప్పింది.

క్లవేరియా కాలానికి ముందు చాలామంది బాప్తిస్మం తీసుకున్నప్పుడు డెలా క్రూజ్, డెలోస్ సాంటోస్ లాంటి పేర్లు పెట్టుకునేవాళ్లు. అన్నదమ్ములకే వేర్వేరు ఇంటిపేర్లు ఉండేవి. పన్ను వసూలు చేసేవాళ్లకు ఎవరు ఎవరో తెలిసేది కాదు. అందుకని అక్షర క్రమంలో వేలాది ఇంటిపేర్లతో ఒక పుస్తకం అచ్చు వేయించి ప్రావిన్సులకు పంపారు. కొన్నిచోట్ల ఒక్కో ఊరికి ఒక్కో అక్షరం ఇచ్చేశారు. ఓవాస్‌కు ఆర్ వచ్చింది. ఆ పుస్తకంలో స్పానిష్ పేర్లే కాదు, అక్కడి భాషల మాటలు, చెట్ల పేర్లు కూడా ఉన్నాయి. నాలుగు తరాలుగా ఒకే ఇంటిపేరు వాడుతున్నవాళ్లు దాన్ని ఉంచుకోవచ్చన్నారు. కాబట్టి స్పానిష్ పేరు కనబడగానే స్పెయిన్ రక్తం అనుకోకండి. అది పన్నుల లెక్క కోసం పెట్టిన పేరు. మా పశ్చిమ గోదావరిలో మేరీలు, జాన్‌లు ఎంతమంది లేరు? వాళ్లు తెలుగువాళ్లు కాకుండా పోయారా?

నాకు అన్నిటికన్నా పెద్ద రుజువుగా తోచేది ఇంకోటి ఉంది. 1565 నుంచి 1898 దాకా స్పెయిన్ ఏలినా, మామూలు జనానికి స్పానిష్ రాలేదు. మతగురువులే తగాలోగ్, బికోల్, ఇలొకానో, సెబువానో లాంటి అక్కడి భాషలు నేర్చుకుని ప్రసంగాలు చేశారు. అన్ని వందల ఏళ్లు ఒక సామ్రాజ్యం కింద ఉండి తమ భాషల్లోనే కాపురాలు చేసుకున్న జనాన్ని పట్టుకుని సొంతదేమీ లేదంటే ఎలా? ఆతే ఇంటికి ఫోన్ చేస్తే బికోల్‌లోనే మాట్లాడేది. చింతపండు పులుపుతో సినిగాంగ్ వండితే మా ఇంటి చారు గుర్తొచ్చి రెండోసారి వడ్డించుకునేదాన్ని.

ఆ రాత్రే ఆమె 1898 సంగతి కూడా చెప్పింది, గొంతు పెంచకుండా. ఆ ఏడాది జూన్ 12న కవీత్‌లో విప్లవ నాయకుడు ఎమిలియో అగినాల్డో స్వాతంత్ర్యం ప్రకటించాడు. డిసెంబరులో పారిస్‌లో సంతకాలు చేసి స్పెయిన్ ఆ దేశాన్ని 2 కోట్ల డాలర్లకు అమెరికాకు ఇచ్చేసింది. తమ మాట వినమని అగినాల్డో దూత ఫెలిపె అగొన్సిల్యో పారిస్ దాకా వెళ్తే చర్చల గదిలోకి రానివ్వలేదు. "మమ్మల్ని అడక్కుండా అమ్మేశారు" అంది ఆతే. తర్వాత 1899 ఫిబ్రవరిలో అమెరికాతో యుద్ధం మొదలైంది. 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌లో వెయ్యిమందికి పైగా ఫిలిపీనోలను తీసుకెళ్లి జనానికి చూపించారు. ఇవేవీ మన స్కూలు పుస్తకాల్లో లేవు. ఫ్రెంచి విప్లవం బట్టీ పట్టించారు గానీ, సముద్రం అవతలి పొరుగువాళ్ల గురించి నాకు ఎవరూ చెప్పలేదు. 1762లో ఇంగ్లీషువాళ్లు మనీలాను పట్టుకోవడానికి బయల్దేరింది మన చెన్నపట్నం నుంచే. వాళ్ల వెంట వెళ్లిన సిపాయిల్లో కొందరు తిరిగి రాక మనీలా దగ్గర కైంటాలో స్థిరపడ్డారు. మన మనుషులే ఒకప్పుడు అక్కడ కాపురం పెట్టారని మనలో ఎందరికి తెలుసు?

ఇంగ్లీషు సంగతి అంటారా, అది వాళ్లు మోజు పడి తెచ్చుకున్నది కాదు. 1901లో థామస్ అనే ఓడలో అమెరికా టీచర్లు వందలమంది దిగి, బడులన్నీ ఇంగ్లీషులో పెట్టారు. నర్సింగ్ స్కూళ్లూ అమెరికా పద్ధతిలోనే వచ్చాయి. అందుకే 1948 తర్వాత ఎక్స్చేంజ్ వీసాల మీద అమెరికా ఆస్పత్రులకు ఫిలిపీనో నర్సులు అంతమంది వెళ్లారు. 1974లో అధ్యక్షుడు మార్కోస్ ప్రభుత్వం లేబర్ కోడ్ అనే కార్మిక చట్టం తెచ్చి జనాన్ని బయటికి పంపడమే ఒక విధానంగా చేసింది. ఈ రోజు ఏ గల్ఫ్ ఆస్పత్రిలో చూసినా వాళ్లే కనబడుతున్నారంటే వెనక ఇంత కథ ఉంది. "పని బాగా చేస్తారు, నవ్వుతూ ఉంటారు" అని మెచ్చుకునేవాళ్లు ఆ నవ్వుకు ఇచ్చే జీతం కూడా చూడాలి. నేను చేసినచోట ఒకే వార్డు, ఒకే డ్యూటీ, పాస్‌పోర్టును బట్టి జీతం. అమెరికా, బ్రిటన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఒక లెక్క, ఆతేకూ నాకూ ఇంకో లెక్క. సంస్కృతి గురించి తీర్పులిచ్చేవాళ్లు ఒక్కరూ దీని గురించి నోరెత్తరు.

వాళ్లలో నేను చూసిన సంస్కృతి ఇంకోటి ఉంది, తమవాళ్లు అనుకుంటే వదలకపోవడం. సింగపూర్‌లో పనిమనిషిగా ఉన్న ఫిలిపీనో మహిళ ఫ్లోర్ కాంటెంప్లాసియన్‌ను 1995 మార్చిలో ఉరి తీసినప్పుడు దేశమంతా వీధుల్లోకి వచ్చింది. ఆ ఏడాదే విదేశాల్లో పనిచేసేవాళ్ల రక్షణకు చట్టం చేయక తప్పలేదు. తమవాళ్లు ఎక్కువగా ఉన్న దేశాల్లో వాళ్లకోసం ప్రత్యేకంగా కేంద్రాలు పెట్టాలని అందులో రాశారు. మా క్వార్టర్స్‌కు దగ్గర్లో ఒక ఇంట్లో పనిచేసే కడప అమ్మాయి పాస్‌పోర్టు యజమాని దగ్గర ఇరుక్కుపోయి టెన్షన్‌తో అల్లాడుతుంటే, మన ఏజెంటు ఫోన్ ఎత్తలేదు. ఏ ఆఫీసుకు వెళ్లాలి, ఏ కాగితం పట్టుకెళ్లాలి, అక్కడ ఏం మాట్లాడాలి అన్నీ చెప్పింది ఆతే. అంతటితో ఆగకుండా సెలవు రోజు తనే వెంట వెళ్లింది. కడప ఎక్కడుందో కూడా ఆమెకు తెలియదు.