అల్లుడూ, నారతో కారు బాడీ అన్నావు కదా

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు ఫోను పెట్టేశాక మీ అత్త అడిగింది, "పరుపుల్లో కూరే పీచుతో కారేంటండీ?" అని. నవ్వాను గానీ, ఆవిడ మాటలో పాయింటుంది. కోనసీమలో కొబ్బరి పీచు కుప్పలుగా దొరుకుతుందని దాని మీద మనసు పారేసుకోకు. పీచు సాగుతుంది. తాళ్లకి అదే కావాలి, బానెట్‌కి మాత్రం బిగువుగా నిలబడే నార కావాలి. అరటినార, గోగునార నయం. అవిసె నార దొరికితే అన్నిటికన్నా మేలు.

లోటస్ కార్ల కంపెనీ వాళ్లు 2008లో ఎకో ఎలీస్ అనే కారుకి గంజాయి జాతి మొక్క నార వాడారు (మన ఊళ్లో ఈ మాట గట్టిగా అనకు). 2019లో పోర్షే, రేసుల కోసం తెచ్చిన కేమన్ జీటీ4 క్లబ్‌స్పోర్ట్‌కి తలుపులూ వెనక రెక్కా నారతో చేసింది. అంత పెద్ద కంపెనీ కూడా బరువు మోసే పని లోహానికే వదిలేసింది. నువ్వూ చాసిస్ జోలికి, అంటే బండి బరువంతా మోసే చట్రం జోలికి, నారని రానివ్వకు.

ఇక అసలు శత్రువు తేమ. నేను ముప్పై ఏళ్లు ఫైబర్ పడవలు చేసినవాణ్ణి, అయినా బోల్తా పడ్డాను. ఒక ఆషాఢంలో సరదాకి అరటినార మ్యాట్‌తో పడవ మీద మూత చేశాను. పైకి అద్దంలా ఉంది. రెండు నెలలకి బుడిపెలు లేచాయి, బోల్టు కన్నాల చుట్టూ నల్లగా బూజు. మన గాలిలో నార తన బరువులో పదో వంతు దాకా నీళ్లు పట్టుకుంటుంది, కంటికి పొడిగానే కనిపిస్తుంది. అందుకని చెయ్యి పెట్టి చూసి నమ్మకు, తూకం వెయ్యి. వంద డిగ్రీల ఓవెన్‌లో పెట్టు, గంటకోసారి తూచు, బరువు తగ్గడం ఆగాకే తియ్యి. తీసిన వెంటనే రెసిన్ (నారని పట్టి గట్టిపడే జిగురు) పట్టించు, టీకి వెళ్లావంటే నార మళ్లీ తేమ తాగేస్తుంది. కోసిన అంచులూ కన్నాలూ రెసిన్‌తో మూసెయ్యి.

నార తేలికే గానీ రెసిన్ తెగ తాగుతుంది. రోలర్‌తో చేత్తో వేస్తే గ్లాస్ ఫైబర్ కన్నా బరువైన బానెట్ వస్తుంది, అప్పుడీ తిప్పలన్నీ ఎందుకు? వాక్యూమ్ బ్యాగ్ కొను, అది గాలి లాగేసి ఎక్కువైన రెసిన్‌ని పిండేసే సంచి. పాలిస్టర్ రెసిన్ వాడితే ముందు అందులో కోబాల్ట్ (త్వరగా గట్టిపడేలా చేసే మందు) పూర్తిగా కలిపి, ఆ తరవాతే హార్డనర్ (గట్టిపరిచే మందు) పొయ్యి. ఆ రెండూ నేరుగా కలిస్తే పేలతాయి. ఇందులో జోకు లేదు.

ముక్క ఆరాక రూపాయి బిళ్లతో అంగుళం అంగుళం కొట్టి విను. ఒకే మోత రావాలి. ఎక్కడ డబ్ మంటే అక్కడ లోపల పొర విడిపోయినట్టే.

కొనేవాళ్లకి "మొత్తం మొక్కలతోనే" అని చెప్పకు, రెసిన్ మొక్కకి కాయలేదు. రోడ్డెక్కించాలంటే బళ్లని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పుణె ఏఆర్ఏఐ లాంటి చోట పాసవ్వాలి, అది నీ జేబుకి ఇప్పుడే అందదు. మొదటి బండి కోయంబత్తూరు కారి స్పీడ్‌వే లాంటి ట్రాక్ మీద తిప్పుకో.

సంక్రాంతికి వస్తావుగా, బానెట్ మౌల్డ్ కూడా పట్టుకురా. ఆటోలో పడుకోబెట్టి తీసుకురా, నిలబెడితే వంగిపోతుంది.

మీ మావయ్య