తమ్ముణ్ణి ఆరు వారాలూ ఆసుపత్రిలోనే ఉంచాలా?

మీ తమ్ముడికి గుండె కవాటంలో ఇన్ఫెక్షన్, హెరాయిన్ అలవాటుందని ఇంటికి పంపడం లేదు, అతనేమో వెళ్లిపోతానంటున్నాడు అని రాశారు కదండీ. చాలాసార్లు అది మొండితనం కాదు, హెరాయిన్ ఆగినందువల్ల వచ్చే ఒళ్లునొప్పులు, వాంతులు, నిద్రలేమి. ఆ బాధను తగ్గించే మందులు బ్యూప్రెనార్ఫిన్ గానీ మెథడోన్ గానీ ఈరోజే మొదలుపెట్టగలరేమో అడగండి. నా దృష్టిలో మిగతావన్నీ దీని తర్వాతే.

యాంటీబయాటిక్ మామూలుగా 4 నుంచి 6 వారాలు నరం ద్వారా ఇస్తారు. నిలకడపడ్డాక మాత్రలకు మారొచ్చా, వారానికోసారి ఎక్కించే డాల్బావాన్సిన్ అనే యాంటీబయాటిక్ కుదురుతుందా అని ఇన్ఫెక్షన్ల డాక్టరుతో మాట్లాడండి. 2019లో వెలువడిన డెన్మార్క్ పోయెట్ పరిశోధనలో, కనీసం 10 రోజులు నరం ద్వారా ఇచ్చి మాత్రలకు మార్చినా ఫలితం తగ్గలేదు (అందులో ఇంజెక్షన్ అలవాటున్నవాళ్లు చాలా తక్కువ).

ఒకవేళ మాట వినకుండా వెళ్లిపోతే, యాంటీబయాటిక్ మాత్రలైనా రాసివ్వమని పట్టుబట్టండి. హెరాయిన్ మోతాదు మించితే విరుగుడుగా ఇచ్చే నాలోక్సోన్ ఇంట్లో ఉంచండి. హెరాయిన్ కొన్నాళ్లు ఆపి మళ్లీ పాత మోతాదు తీసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. జ్వరం, ఆయాసం వస్తే ఆగకుండా తీసుకెళ్లండి.