రంగం నడకదారి రాస్తున్న అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

యుద్ధకాలంలో బర్మా నుంచి నడిచొచ్చిన మనవాళ్ళ మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. రంగూన్ మీద బాంబులు పడటం కళ్ళకు కట్టేలా రాశావు. కానీ నాలుగు పేజీలైనా నీ మనుషులు ఒక్కసారీ అన్నం తినలేదు, మంచినీళ్ళు తాగలేదు. నేను అక్కడే ఆగిపోయాను.

మన పెద్దవాళ్ళు రంగూన్‌ని రంగం అనేవారు బాబూ. విశాఖలోనో కాకినాడలోనో ఓడెక్కి వెళ్ళి, రేవులో బస్తాలు మోసి, బియ్యం మిల్లుల్లో చాకిరీ చేసి ఇంటికి డబ్బు పంపేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు మనవాళ్ళని కోరంగీలు అన్నారు. నీ కథలో వాళ్ళంతా ఉత్త 'శరణార్థులు'గా మిగిలారు. నాకది కష్టంగా తోచింది.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు, క్రిస్మస్ నాడు మళ్ళీ. 1942 మార్చి 8న జపాన్ సైన్యం ఊళ్ళోకి వచ్చింది. ఈ తేదీలు నీకూ తెలుసు. వాటి మధ్య బతుకు ఎలా సాగిందో రాయి. ఓడ టికెట్టు డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ళకి దొరికింది. లేనివాళ్ళు నడిచారు. కొందరు తౌంగుప్ కనుమ దాటి బర్మా పడమటి అరకాన్ తీరానికి, కొందరు మాండలే, కలేవా, తమూ ఊళ్ళ మీదుగా మణిపూర్‌లోని ఇంఫాల్‌కి. ఆ కొండల్లో కూడా తెల్లవాళ్ళకో దారి, మనవాళ్ళకో దారి! మే నెలలో వానలు పట్టుకున్నాయి. కలరా, మలేరియా. దారిలో పోయినవాళ్ళ లెక్క సరిగ్గా రాసినవాళ్ళే లేరు.

నా చిన్నప్పుడు మా వీధిలో ఒక మామ్మ ఉండేది. చిన్నపిల్లగా ఆ దారిన నడిచొచ్చింది. నేను బాంబుల గురించి అడిగితే ఆవిడ ఉప్పు గురించి చెప్పింది. వాళ్ళమ్మ కొంగున కల్లుప్పు మూటకట్టుకుందట. కొండెక్కుతుంటే వాన. ఉప్పంతా కరిగి చీరలోకి దిగిపోయింది. ఆ రాత్రి చప్పిడి గంజి తాగుతూ పిల్లలు ముగ్గురూ వంతులేసుకుని ఆ కొంగు చప్పరించారు. ఇది చెబుతున్నంతసేపూ మామ్మ తన కొంగు చివర వేళ్ళతో నలుపుతూనే ఉంది.

నువ్వూ అలాంటివి అడుగు. ఏ గిన్నెలో వండారు? అగ్గిపెట్టె తడిస్తే నిప్పెక్కడిది? చంటిబిడ్డ తల్లికి పాలు ఎండిపోతే ఏం పట్టారు? అలా నడిచొచ్చినవాళ్ళ ఇళ్ళలో మనవళ్ళు, మనవరాళ్ళు ఇంకా ఉన్నారు. వెళ్ళి కూర్చో.

ఇంకో మాట. నీ మనుషులు కొండల్లో ఉండగానే, ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీదా బాంబులు పడ్డాయి. వాళ్ళు ఏ ఊరు చేరాలని నడుస్తున్నారో ఆ ఊరే భయంతో ఖాళీ అవుతోంది. బర్మా బియ్యం రాక ఆగింది. రేషన్ మీద ఇచ్చే కంట్రోలు బియ్యం, కంట్రోలు గుడ్డ మన ఇళ్ళలో మాటలయ్యాయి. ఇది నీ కథలో లేదు. ఉండాలి.

నీ కథలో తండ్రి నెత్తిన ట్రంకుపెట్టె పెట్టావు. కొండదారిలో అది రెండు రోజులు కూడా ఉండదు. దాంట్లోంచి ముందు ఏది పారేశాడో, చివరిదాకా ఏది వదల్లేదో రాసి పంపు. సంక్రాంతి దాకా ఊళ్ళోనే ఉంటాను.