ఆటోఇమ్యూన్ అనీమియాకి లింఫోమా టెస్టులు ఎందుకు?

మీ అమ్మగారికి ఆటోఇమ్యూన్ హీమోలైటిక్ అనీమియా (ఒంట్లోని యాంటీబాడీలే ఎర్రకణాలను నాశనం చేసే రక్తహీనత) అని తేలిందని, కూంబ్స్ టెస్ట్ (ఎర్రకణాలకి యాంటీబాడీలు అంటుకున్నాయేమో చూసే పరీక్ష) పాజిటివ్ వచ్చిందని, ఇప్పుడు డాక్టర్ లింఫోమా (లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల్లో పుట్టే క్యాన్సర్) అనుమానంతో సీటీ స్కాన్ రాశారని చెప్పారు. రక్తం తగ్గితే క్యాన్సర్ టెస్టులెందుకని మీ ప్రశ్న. తప్పకుండా చేయించండి అండీ. మా నాన్నగారి జబ్బు బయటపడింది అలాగే.

నాన్నకి మొదట మెట్లెక్కితే ఆయాసం. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం టీ డికాషన్‌లా వచ్చేది. చూసినవాళ్ళంతా పచ్చకామెర్లే అన్నారు, పసరు మందు ఎక్కడ పోస్తారో కూడా చెప్పారు. కానీ లివర్ ఎంజైములు నార్మల్. పెరిగినవి ఎర్రకణాలు పగిలితే ఎక్కువయ్యే ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్, ఎల్‌డీహెచ్, రెటిక్యులోసైట్లు (కొత్తగా పుట్టిన ఎర్రకణాలు). అంటే ఎముక మూలుగ రక్తం తయారు చేస్తూనే ఉంది, ఒంట్లోని యాంటీబాడీలు దాన్ని నాశనం చేస్తున్నాయి. 120 రోజులు బతకాల్సిన ఎర్రకణాలు చాలా ముందే పోతుంటే ఐరన్ మాత్రలు ఏం చేస్తాయి? రక్తం ఎక్కిద్దామంటే ఆ యాంటీబాడీల వల్ల బ్లడ్ బ్యాంకులో ఏ బ్యాగూ క్రాస్‌మ్యాచ్ కాలేదు. చివరికి ఉన్నవాటిలో తక్కువ రియాక్షన్ చూపించిన బ్యాగు తీసుకుని, నర్సు పక్కనే కూర్చుని బొట్టుబొట్టుగా ఎక్కించింది.

ఇక మీ ప్రశ్నకి జవాబు. యాంటీబాడీల ఉత్పత్తి బి లింఫోసైట్ల పని. లింఫోమాల్లో ఎక్కువ భాగం పుట్టేది ఆ కణాల్లోనే. అవి దారితప్పితే సొంత ఎర్రకణాల మీదే యాంటీబాడీలు తయారుకావచ్చు. అందుకే గడ్డలు కనబడకముందే జబ్బు అనీమియా రూపంలో బయటపడొచ్చు. నాన్నకి మెడలోగానీ చంకల్లోగానీ గడ్డల్లేవు, ప్లీహం (స్ప్లీన్) మాత్రం బాగా పెరిగింది. ఫ్లో సైటోమెట్రీ (రక్తకణాల రకాలు గుర్తించే పరీక్ష), బోన్ మ్యారో (ఎముక మూలుగ) పరీక్ష చేశాక స్ప్లీనిక్ మార్జినల్ జోన్ లింఫోమా, అంటే ప్లీహంలో పుట్టే లింఫోమా అన్నారు. నెమ్మదిగా పెరిగే రకం. బి లింఫోసైట్లను చంపే రిటుక్సిమాబ్ మందుతో హీమోగ్లోబిన్ నిలబడింది, ఇప్పుడు పొద్దున్నే పొలం గట్టు దాకా నడిచి వస్తున్నారు.

అలాగని అందరికీ లింఫోమానే ఉంటుందని కాదు. చాలామందిలో ఏ కారణమూ దొరకదు. కొందరిలో లూపస్ (ఇంకో ఆటోఇమ్యూన్ జబ్బు), కొందరిలో ఏదైనా మందు కారణమవుతుంది. అమ్మగారు వాడుతున్న మాత్రలన్నీ డాక్టర్‌కి చూపించండి.

ఈ అనీమియాకి ఇచ్చే స్టెరాయిడ్లు మొదలయ్యాయా? వాటితో లింఫ్ గడ్డలు కుంచించుకుపోయి బయాప్సీలో జబ్బు దొరకకపోవచ్చు. హీమోగ్లోబిన్ మరీ పడిపోతే మాత్రం బయాప్సీ కోసం స్టెరాయిడ్లు ఆపి ఉంచకూడదు, ప్రాణం ముందు. అందుకే స్కాన్, బయాప్సీ ఎప్పుడు చేస్తారో హెమటాలజిస్ట్‌ని (రక్తజబ్బుల డాక్టర్‌ని) ఇవాళే అడగండి. రిటుక్సిమాబ్ మాట వస్తే, దానికి ముందు హెపటైటిస్-బి టెస్ట్ అయిందో లేదో కూడా అడగండి. లోపల అణగి ఉన్న ఆ వైరస్ ఈ మందుతో మళ్ళీ విజృంభించే ప్రమాదం ఉంది.